మునిగిన ఇంటి బేరం: సమ్మా ఆజీవం ఏం చెబుతుంది?



ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధ భగవానుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. మనలో చాలామందికి ఈ జాబితా నోటికి వచ్చు. వచ్చాక ఒక ధీమా కూడా వస్తుంది. "నేను కత్తులు అమ్మట్లేదు, సారా అమ్మట్లేదు, కాబట్టి నా బతుకుదెరువు శుద్ధమే" అనుకుంటాం.

ఆ జాబితాలో ఇల్లు లేదు. ఇల్లు కొనడం, అమ్మడం ఏ కాలంలోనూ ఎవరూ పాపం అనలేదు. సరే, అదే ఇల్లు పోయిన వారం వరదలో మునిగిందనుకోండి. ఇంటాయన గోడల మీద బురద గీత చూస్తూ కూర్చున్నాడు. మీరు వెళ్లి, "ఎలా ఉన్నది అలాగే కొంటాం, వారంలో డబ్బు చేతిలో పెడతాం" అన్నారు. ఆయన సంతకం పెట్టాడు. మీకు లాభం వచ్చింది. చట్టం తప్పలేదు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి జేబూ కోయలేదు. మరి ఇది సమ్మా ఆజీవమేనా?

తొందరపడి అవుననీ వద్దు, కాదనీ వద్దు. ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. తెలియనిదాన్ని తిట్టడం కూడా ఒక రకం ముసావాదమే.

హోల్‌సేలింగ్ అంటే ఏంటి?

అమెరికాలో ఇళ్ల వ్యాపారంలో హోల్‌సేలింగ్ అనే పద్ధతి ఉంది. హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ, షుగర్ ల్యాండ్ లాంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూనే పక్క ఆదాయం కోసం రియల్ ఎస్టేట్ వైపు చూసేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. పెట్టుబడి లేకుండా ఇళ్ల వ్యాపారం చేయడం ఎలాగో నేర్పే కోర్సుల్లో తరచుగా వినపడే మాట ఇదే.

పద్ధతి ఇలా ఉంటుంది. హోల్‌సేలర్ ఇంటాయనతో కొనుగోలు ఒప్పందం రాసుకుంటాడు. బయానాగా చాలా చిన్న మొత్తం పెడతాడు. ఒక్కోసారి అది పది డాలర్లు, వంద డాలర్లు మాత్రమే ఉంటుంది. ఆ ఇంటిని అతను కొనడు. ఆ ఒప్పందాన్నే నగదు పెట్టగల మరో పెట్టుబడిదారుకు బదిలీ చేస్తాడు. బదిలీ చేసినందుకు ఫీజు తీసుకుంటాడు. ఇంటి తాళం చేతిలోకి రాకుండానే లాభం చేతిలోకి వస్తుంది.

ఎంతకు అడగాలనేదానికి ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఇంటిని పూర్తిగా బాగుచేశాక ఎంత పలుకుతుందో చూస్తారు. అందులో 70 శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చు తీసేస్తారు. ఆ మిగిలినదాంట్లోంచి హోల్‌సేలర్ తన ఫీజు తీసేసుకుని ఇంటాయనకు ధర చెబుతాడు. ఉదాహరణకు బాగుచేసిన ఇల్లు 2,00,000 డాలర్లు పలుకుతుందనుకోండి. 70 శాతం అంటే 1,40,000. మరమ్మతుకు 60,000 పోతే మిగిలేది 80,000. ఫీజు 12,000 అనుకుంటే ఇంటాయనకు చెప్పేది 68,000.

ఇక్కడొకటి గమనించండి. ఆ ఇల్లు ఇప్పుడున్న స్థితిలోనే 80,000 పెట్టి కొనేవాడు ఉన్నాడని హోల్‌సేలర్‌కు తెలుసు. ఆ మనిషి ఫోన్ నంబరు కూడా అతని దగ్గర ఉంటుంది. ఇంటాయనకు మాత్రం తెలియదు. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకునేదంతా ఈ తెలియకపోవడం చుట్టూనే తిరుగుతుంది.

హార్వీ తర్వాత ఒక ఇంటాయన పరిస్థితి

2017 ఆగస్టు 25న హార్వీ తుపాను టెక్సాస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. దాటి వెళ్లిపోకుండా అక్కడక్కడే తిరిగి రోజుల తరబడి కురిసింది. నెడర్‌ల్యాండ్ దగ్గర 60 అంగుళాల పైన వాన నమోదైంది. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలోనే లక్షన్నరకు పైగా ఇళ్లు మునిగాయి. ఆడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాల వెనక కట్టిన కాలనీల్లో చాలామందికి, తమ ఇల్లు జలాశయం నిండితే నీళ్లు నిలిచే జాగాలో ఉందన్న సంగతే అంతకుముందు తెలియదు.

ఆ ఇళ్లలో ఒక ఇంటాయన్ని ఊహించుకోండి. నీళ్లు దిగాయి. తడిసిన షీట్‌రాక్ గోడలు నడుము ఎత్తు వరకు కోసి తీయాలి. గోడల లోపలి ఇన్సులేషన్ తీసేయాలి. కార్పెట్లు, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఇంటి ముందు కుప్ప పోయాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే బూజు పట్టడం మొదలవుతుంది. మామూలు ఇంటి బీమా వరదకు పనికిరాదు. వరద బీమా వేరే తీసుకోవాలి. అది మామూలుగా తీసుకున్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. కాబట్టి తుపాను వార్త విని పరిగెత్తినా లాభం లేదు. ఆ కౌంటీలో మునిగిన ఇళ్లలో ఎక్కువ భాగానికి వరద బీమా లేదు. కేంద్ర విపత్తు సంస్థ ఫీమా ఆ ఏడాది ఒక కుటుంబానికి ఇవ్వగల గరిష్ఠ సాయం 33,300 డాలర్లు. చాలామందికి అందింది అంతకంటే బాగా తక్కువ. ఇల్లు వరద ముప్పు పటంలో ఉండి, మరమ్మతు ఖర్చు ఇంటి విలువలో సగం దాటితే, ఇంటిని కొత్త నిబంధనల ప్రకారం ఎత్తు పెంచి కట్టాల్సి రావచ్చు. అది ఇంకో భారం.

బ్యాంకు వాయిదా ఆగదు. తలదాచుకున్న అపార్ట్‌మెంటుకు అద్దె కట్టాలి. ఆఫీసులో సెలవులు అయిపోయాయి. ముసలి తల్లికి ఆ వాసన పడదు. సరిగ్గా అప్పుడు వీధి మలుపులో ఒక బోర్డు కనిపిస్తుంది: ఇళ్లు కొంటాం, నగదు, ఏ స్థితిలో ఉన్నా సరే.

ఈ బోర్డు కొందరికి నిజంగానే దారి చూపిస్తుంది. అది మనం ఒప్పుకోవాలి. వేరే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకునే పెద్దావిడకు ఆరు నెలలు కాంట్రాక్టర్ల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. బూజు పట్టిన ఇంటికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, కాబట్టి మామూలు కుటుంబాలు దాన్ని కొనలేవు. నగదు పెట్టేవాడు, మరమ్మతు చేయగలవాడు కావాలి. అతను కష్టపడతాడు, నష్టం వచ్చే అవకాశాన్ని నెత్తిన వేసుకుంటాడు. దానికి లాభం అడగడం న్యాయమే. లాభం అనే మాటనే అసహ్యించుకోమని ధమ్మం ఎక్కడా చెప్పలేదు. అనాథపిండికుడు వ్యాపారే కదా.

మరి తేడా ఎక్కడుంది?

అంధపురంలో ఒక గిన్నె

జాతక కథల్లో సేరివాణిజ జాతకం ఉంది. అది జరిగిన ఊరి పేరు అంధపురం, దారిలో దాటే ఏరు తేలవాహ. ఆ ఊరిని ఆంధ్రులతో ముడిపెట్టిన చరిత్రకారులు ఉన్నారు. కాబట్టి కథ మనకు కొంచెం దగ్గరిదే.

సేరి రాజ్యం నుంచి ఇద్దరు చిల్లర వర్తకులు సరుకు నెత్తిన పెట్టుకుని ఆ ఊరికి వచ్చారు. ఒకడు తిరిగిన వీధిలో తర్వాత ఇంకొకడు తిరగొచ్చని ఒప్పందం చేసుకున్నారు. ఒక వీధిలో చితికిపోయిన కుటుంబం ఉంది. ఒకప్పుడు శ్రేష్ఠులు. ఇప్పుడు మిగిలింది ఒక అవ్వ, ఒక మనవరాలు. కూలి చేసుకుని బతుకుతున్నారు. మనవరాలు నగ కావాలని అడిగింది. ఇంట్లో పడి ఉన్న ఒక పాత గిన్నె ఇచ్చి బదులు ఏదైనా ఇవ్వమని అవ్వ మొదటి వర్తకుణ్ణి అడిగింది. వాడు గిన్నె తిప్పి సూదితో గీసి చూశాడు. మసి కింద బంగారం. వాడికి తెలిసిపోయింది. అయినా, ఇది అర కాసు కూడా చేయదని కింద పడేసి వెళ్లిపోయాడు. కాసేపాగి వచ్చి ఊరికే పట్టుకుపోదామని వాడి ఎత్తు.

ఈలోగా రెండో వర్తకుడు, అంటే బోధిసత్త్వుడు, అదే వీధికి వచ్చాడు. గిన్నె చూసి, "అమ్మా, ఇది బంగారం, లక్ష చేస్తుంది. అంత సొమ్ము నా దగ్గర లేదు" అని చెప్పేశాడు. ఆ ఇద్దరూ, నీకు తోచింది ఇచ్చి తీసుకోమన్నారు. అతని దగ్గర 500 కహాపణాల నగదు, మరో 500 విలువ చేసే సరుకు ఉన్నాయి. పడవవాడికి ఇవ్వడానికి 8 కహాపణాలు, తన త్రాసు, సంచి మాత్రం ఉంచుకుని మిగతాదంతా ఇచ్చేశాడు. తర్వాత మొదటివాడు తిరిగి వచ్చాడు, సంగతి తెలిసింది, పిచ్చెత్తినట్టు ఏటి ఒడ్డుకు పరిగెత్తి గుండె పగిలి చచ్చాడు. దేవదత్తుడి పగ అక్కడే మొదలైందని కథ చెబుతుంది.

ఈ కథ చిన్నప్పుడు వింటే తేలిగ్గా ఉంటుంది. వ్యాపారం చేసేవాళ్లు వింటే ఒక చిక్కు కనిపిస్తుంది. లక్ష విలువైన గిన్నెకు బోధిసత్త్వుడు ఇచ్చింది వెయ్యే కదా! ధరలో చూస్తే ఆయనకు వచ్చిన లాభం ఎంత? మన హోల్‌సేలర్ కూడా అంత తక్కువకు అడగడు. అయినా కథ ఆయన్ని మంచివాడనే అంటుంది. ఎందుకు?

ఎందుకంటే ధరకంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. తనకు తెలిసింది అవ్వకు కూడా తెలిసేలా చేశాడు. తన దగ్గర ఎంత ఉందో చెప్పాడు, ఉన్నదంతా ముందు పెట్టాడు. ఆ తర్వాత నిర్ణయం అవ్వది. ఇంకో కొనేవాడి కోసం ఎదురు చూడొచ్చు, గిన్నె దాచుకోవచ్చు. ఆమె కళ్లు తెరిచి ఇచ్చింది. మొదటివాడు ఆమె కళ్లు మూయించి తీసుకోవాలనుకున్నాడు. వాడి తప్పు బేరమాడడంలో లేదు. బంగారాన్ని మసి అనడంలో ఉంది.

మిచ్ఛా ఆజీవానికి ఐదు గుర్తులు

మజ్ఝిమ నికాయంలోని మహాచత్తారీసక సుత్తంలో భగవానుడు మిచ్ఛా ఆజీవం అంటే ఏమిటో చెబుతూ సరుకుల పేర్లు చెప్పలేదు. పద్ధతుల పేర్లు చెప్పాడు. కుహనా అంటే వేషం వేసి నమ్మించడం. లపనా అంటే మాటలతో మెప్పించి పని జరుపుకోవడం. నేమిత్తికతా అంటే సైగలు, సూచనలతో దారి మళ్లించడం. నిప్పేసికతా అంటే ఎదుటివాణ్ణి, వాడి వస్తువును కించపరిచి లొంగదీయడం. లాభేన లాభం నిజిగీసనతా అంటే ఒక లాభాన్ని ఎరగా వేసి ఇంకో లాభం పట్టడం. దానం మీద బతికే సన్యాసుల విషయంలో కూడా ఈ మాటలు వస్తాయి. కానీ మునిగిన ఇంటి గుమ్మంలో నిలబడి చదివితే ఎంత సూటిగా తగులుతాయో చూడండి.

ఫీజు కోసం వచ్చినవాడు, "మేం ఇళ్లు కొంటాం" అనడం కుహనా. అతను కొనడు, కొనేవాణ్ణి వెతుకుతాడు. "మీ కష్టం చూడలేక వచ్చామండీ, మీరు మా నాన్నగారిలా ఉన్నారు" అనడం లపనా. "పక్క వీధిలో వాళ్లంతా అమ్మేశారు, ఈ కాలనీ ఇక లేవదంట" అని చెవిన వేయడం నేమిత్తికతా. "ఈ పునాది పోయింది సార్, ఈ బూజు వదలదు, దీన్ని ఎవడూ ముట్టుకోడు" అని ఉన్న నష్టం కంటే ఎక్కువ చేసి చెప్పడం నిప్పేసికతా. అర కాసు చేయదన్న మాటే ఇది. పది డాలర్ల బయానాతో లక్షల ఇంటిని కట్టేసి, ఆ కాగితాన్నే అమ్ముకోవడం లాభంతో లాభాన్ని వేటాడడం.

అంటే హోల్‌సేలింగ్ చేసే ప్రతివాడూ ఈ ఐదూ చేస్తాడని కాదు. ఇవి లేకుండా చేయగలిగితే ఆ వ్యాపారానికి దోషం అంటదు. ఇవి తీసేస్తే వ్యాపారమే మిగలకపోతే మాత్రం, అది ఇవి అమ్మే వ్యాపారమే.

"ఇద్దరూ ఒప్పుకున్నారు కదా?"

ఇక్కడ మీకు ఒక ప్రశ్న రావాలి. "ఇంటాయన చిన్నపిల్లాడా? చదువుకున్నవాడు. కాగితం చదివి సంతకం పెట్టాడు. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు కదా?" ఇది గట్టి వాదన. కొట్టిపారేయకూడదు.

అదిన్నాదానా వేరమణి అంటే ఇవ్వనిది తీసుకోకుండా ఉండడం. ఇంటాయన ఇల్లు ఇచ్చాడు. అది నిజం. కానీ ఏం తెలిసి ఇచ్చాడు? ఎదురుగా ఉన్నవాడే కొంటున్నాడనుకుని ఇచ్చాడు. 68,000 కంటే ఎక్కువ ఇచ్చేవాడు లేడనుకుని ఇచ్చాడు. 80,000 ఇచ్చే మనిషి పక్క ఊళ్లోనే ఉన్నాడని తెలిసి ఉంటే ఆ 12,000 ఇచ్చేవాడా? "నువ్వు వెతికిపెట్టావు, తీసుకో" అని ఇచ్చేవాడేమో. అప్పుడది దిన్నం, ఇచ్చినది. ఇవ్వడేమోనన్న భయంతో చెప్పకుండా తీసుకుంటే, ఆ 12,000 వరకు అది ఇవ్వనిదే.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఏ మాట చెబితే బేరం పోతుందని మీకు భయమో, ఆ మాట పట్టుకోండి. చెబితే పోయే బేరం, చెప్పకపోవడం వల్ల వచ్చిన బేరమే. అక్కడ మీరు అమ్ముకున్నది శ్రమను కాదు, ఎదుటివాడి అజ్ఞానాన్ని.

రెండో సంగతి మాట నిలకడ. కొనుగోలుదారు దొరక్కపోతే హోల్‌సేలర్ తనిఖీ గడువు లోపల ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. పోయేది పది డాలర్లు. ఇంటాయనకు పోయేది నెల రోజులు. ఆ నెలలో ఆయన వేరేవాళ్లను వద్దన్నాడు, మరమ్మతు ఆపాడు, బూజు ఇంకో గదికి పాకింది. నిలబెట్టగలనో లేదో తెలియని మాటను తప్పక నిలబెడతానన్నట్టు చెప్పడం ముసావాదం కిందికే వస్తుంది. నష్టమంతా ఒకవైపే ఉండే ఒప్పందాన్ని ఇద్దరి ఇష్టం అనడం కష్టం.

మూడోది గడియారం. అంధపురం అవ్వ పేదదే గానీ మునిగిపోతున్నది కాదు. కావాలంటే రేపటి దాకా ఆగగలదు. వరద ఇంటాయన ఆగలేడు. అందుకే ఇక్కడ నిజం చెప్పడం ఒక్కటే సరిపోదు. అవసరం కూడా మనిషి కళ్లు మూయిస్తుంది. "ఈ రోజు సంతకం పెడితేనే ఈ ధర, రేపు తగ్గుతుంది" అనేవాడు ఆ అవసరాన్ని కర్రలా వాడుతున్నాడు. వారం నిద్రలేని మనిషి నిర్ణయాన్ని పూర్తి అంగీకారం అనుకోవడానికి మన మనసు ఎందుకంత తొందరపడుతుందో మనల్ని మనమే అడగాలి.

"నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు" అనే మాట కూడా వినపడుతుంది. కావచ్చు. కమ్మం మాత్రం ఇంకొకడి ఖాతాలో పడదు. చేతన ఎవరిదో కమ్మం వారిది.

ఆ ఇంట్లోకి రేపు వచ్చే మనిషి

ఈ బేరంలో మూడో మనిషి ఉన్నాడు. ఇంకా కనిపించడు. గోడలకు కొత్త షీట్‌రాక్ వేసి, తెల్ల రంగు కొట్టి, నేలకు కొత్త పలకలు పరిచాక ఆ ఇంటిని చూడడానికి వచ్చే కుటుంబం. లోపల ఎండకుండా మూసేసిన చెక్క వాళ్లకు కనిపించదు. కొన్ని నెలలకు పిల్లాడికి దగ్గు మొదలైతే ఎందుకో తెలియదు.

చట్టాలు ఈ విషయంలో నెమ్మదిగా నడిచి వచ్చాయి. ఇల్లు తనది కాకుండా ఒప్పందంలో ఉన్న హక్కును మాత్రమే అమ్ముతున్నవాడు ఆ సంగతి కొనేవాడికి చెప్పాలనే నిబంధన టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి వచ్చింది. ఇల్లు గతంలో మునిగిందా, జలాశయపు ముంపు జాగాలో ఉందా అనేవి అమ్మేవాడు వివరంగా చెప్పాలనే నిబంధన 2019 సెప్టెంబరులో వచ్చింది. అద్దెకు వచ్చేవాళ్లకు కూడా చెప్పాలనేది 2022 జనవరి నుంచి అమలైంది. పక్క రాష్ట్రం ఓక్లహోమా 2021లో హోల్‌సేలర్ల మీద ప్రత్యేక చట్టమే చేసింది.

వీటిని చూస్తే ఒకటి అర్థమవుతుంది. 2018లో ఒకడు వరద గురించి నోరు విప్పకుండా ఇల్లు అద్దెకిచ్చి, ఇందులో చట్టవిరుద్ధం ఏముందని అడిగి ఉండొచ్చు. చట్టం రాసేదాకా ఆగేవాడికి శీలం ఎప్పుడూ కొన్నేళ్లు ఆలస్యంగానే అందుతుంది. సీలం తీసుకున్నవాడికి ఆ కుటుంబం దగ్గు ముందే వినపడాలి.

తుపాను వార్త విన్నప్పుడు మీ మనసు ఎలా ఉంది?

ఇది అన్నిటికంటే లోపలి సంగతి. బేరం సంగతి పక్కన పెట్టండి. నిజమే చెప్పారు, ధర న్యాయంగానే ఇచ్చారు. అయినా ఒకటి చూసుకోండి. గల్ఫ్ సముద్రంలో వాయుగుండం పడిందని టీవీలో చెప్పినప్పుడు మనసులో మొదట కదిలింది ఏమిటి? "అయ్యో, ఎవరి మీదికి వస్తుందో" అనా, "ఈసారి సీజన్ బావుంటుంది" అనా?

వైద్యుడు కూడా రోగం వల్లే బతుకుతాడు. వడ్రంగి కూడా విరిగిన తలుపుల వల్లే బతుకుతాడు. ఇతరుల దుఃఖం దగ్గర పని చేయడం తప్పు కాదు. వైద్యుడి పనికి తుది రోగం తగ్గడం. మనిషి దుఃఖం తగ్గడం వల్ల మీకు డబ్బు వస్తుందా, దుఃఖం ఎక్కువగా ఉండడం వల్ల వస్తుందా? ఇంటాయన ఎంత బెదిరితే మీ లాభం అంత పెరిగేటట్టు లెక్క ఉంటే, మీకు తెలియకుండానే అతని బెదురును కోరుకోవడం మొదలవుతుంది. కరుణ అక్కడ చచ్చిపోతుంది. ఈ నష్టం ఏ ఒప్పందంలోనూ రాయరు. కట్టేది మాత్రం మీరే.

మన ఊళ్లో దీని పేరు వేరు

మన దగ్గర హోల్‌సేలింగ్ అనరు. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుని, రిజిస్ట్రేషన్ గడువు లోపలే పై రేటుకు ఇంకొకరికి తిప్పేయడం మన ఊళ్లలో పాత పద్ధతే. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో పొలం అమ్ముకునేవాడి దగ్గర ఇది ఎలా నడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఏ ఊళ్లో నీళ్లు నిలిచినా ఇంటి సామాను ఎండబెట్టుకునే మనిషి ముఖం ఒకేలా ఉంటుంది. హ్యూస్టన్‌కు పనికొచ్చే శీలం కృష్ణలంకకూ పనికొస్తుంది.

మరి ఏం చేయాలి?

రాహులుడికి భగవానుడు అద్దాన్ని ఉపమానంగా చెప్పి నేర్పిన పద్ధతి మనకుంది. పని చేయకముందు, చేస్తున్నప్పుడు, చేశాక ఇది నాకు గానీ, ఎదుటివారికి గానీ, ఇద్దరికీ గానీ హాని చేస్తుందా అని చూసుకోవాలి. ఈ వ్యాపారంలో దాన్ని ఇలా పెట్టుకోవచ్చు.

మీరు కొనేవైపు ఉంటే: మొదటి మాటలోనే మీరెవరో చెప్పండి. "నేను కొనడం లేదండీ, కొనేవాళ్లకు ఈ ఒప్పందం బదిలీ చేస్తాను, నాకు ఇంత మిగులుతుంది" అనండి. బాగుచేశాక ఇల్లు ఎంత పలుకుతుందని మీరు లెక్క వేశారో ఆ కాగితమే ఆయన ముందు పెట్టండి. ఆయనకున్న వేరే దారులు కూడా చెప్పండి. బీమా క్లెయిము, ఫీమా సాయం, ప్రభుత్వ విపత్తు రుణం, ఏజెంటు ద్వారా బహిరంగంగా అమ్మడం ఉన్నాయి. హ్యారిస్ కౌంటీలో లాగా ముంపు ఇళ్లను ప్రభుత్వమే కొనే పథకాలు కొన్ని చోట్ల ఉంటాయి. వాటికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అదీ చెప్పండి. ఇంట్లో ఇంకొకరికి చూపించమని, నాలుగు రోజులు ఆగమని అడగండి. వెళ్లిపోతే మీకు కూడా నొప్పి కలిగేంత బయానా పెట్టండి. వరద జరిగిందన్న సంగతి ఆ ఇంటితో పాటే తర్వాతివాళ్లకు చేరేలా రాతలో పెట్టండి.

ఇదంతా చెప్పాక కూడా ఆయన మీకే ఇస్తే, మీరు అంధపురం నుంచి ఏరు దాటిన రెండో వర్తకుడే. నిశ్చింతగా లాభం తీసుకోండి. ఇలా చేస్తే బేరాలు తగ్గుతాయి. అవును, తగ్గుతాయి. ఆ తగ్గిన భాగం ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.

మీరు అమ్మేవైపు ఉంటే: మొదటి వారంలో దేనిమీదా సంతకం పెట్టకండి. తడి ఆరబెట్టడం, ఫోటోలు తీసుకోవడం, క్లెయిము వేయడం ముందు చేయండి. "మీరే కొంటారా, వేరేవాళ్లకు బదిలీ చేస్తారా?" అని సూటిగా అడగండి. కనీసం ఇద్దరి దగ్గర ధర తీసుకోండి. తొందరపెట్టేవాణ్ణి పంపేయండి. అవసరంలో అమ్ముకోవడం మీ తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. ఒంటరిగా నిర్ణయించకుండా కల్యాణమిత్రుల్లో ఒకరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

మీరు ఏ వైపూ కాకుండా పక్కింటివారైతే: ఆ ఇంటికి వెళ్లి కాగితాలు చదివిపెట్టండి. ఒక పూట అన్నం పంపండి. కడుపు నిండి, పక్కన మనిషి ఉన్నవాడు అంత తేలిగ్గా బెదరడు. అవసరంలో ఉన్నవాడికి కాస్త సమయం దొరికేలా చేయడం కూడా దానమే.

పదహారో వంతు

అనాథపిండికుడికి భగవానుడు గృహస్థుడి సుఖాలు నాలుగని చెప్పాడు. సంపద ఉండడం ఒక సుఖం. దాన్ని అనుభవించడం ఒక సుఖం. అప్పు లేకపోవడం ఒక సుఖం. నాలుగోది అనవజ్జ సుఖం, వేలెత్తి చూపడానికి ఏమీ లేని సుఖం. మొదటి మూడూ కలిపినా ఈ నాలుగోదానిలో పదహారో వంతుకు సరిపోవని చెప్పాడు. చెప్పింది అడవిలో ఉండే భిక్షువుకు కాదు. కోట్లకు పడగెత్తిన వర్తకుడికి.

ఆ మాటను మన లెక్కలో పెట్టి చూడండి. మీరు ఫీజు తీసుకున్న వీధిలో రెండేళ్ల తర్వాత మీ కారు ట్రాఫిక్‌లో ఆగింది. ఆ పాత ఇంటాయన ఎదురుగా నడిచి వస్తున్నాడు. మీరు అద్దం దించి "బాగున్నారా అండీ" అని పలకరించగలరా, ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంటారా? బేరం ఎలాంటిదో తేల్చడానికి ఇంతకంటే పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

అద్దం దించగలిగే బేరాలే చేయండి. అందరికీ మేలు జరుగుగాక.